తర్జుమా

"నేను చెప్పింది అది కాదు!" ఉబాహ్ అత్త అరచేత్తో బల్ల మీద చరిచింది. "అబద్ధాలకోరుదానా, నా కోపమేదే?"

అమెరికాలోని మినియాపోలిస్‌లో మా సోమాలీవాళ్ళు మనసు బాగోక డాక్టర్ దగ్గరికొస్తే, వాళ్ళ మాట ఇంగ్లీషులో చెప్పేది నేనే. అత్త కొడుకు లిబాన్ దొంగచాటుగా సముద్రం దాటబోయి పడవ మునిగి చచ్చిపోయాడు. వాణ్ణి ఆ పడవెక్కించింది అత్త సొంత తమ్ముడే.

"ఆ తమ్ముడు మా ఇంటికొస్తే మరిగే టీ మొహాన పొయ్యాలనుంది" అంది అత్త అంతకుముందు.

"ఆవిడ చాలా దిగులుగా ఉంది, దేవుడి మీద భారం వేసింది" అని డాక్టర్‌కి చెప్పాను నేను. అత్త బల్ల చరిచింది దానికే.

"నీకు ఇంగ్లీషు రాదు కదత్తా!" అన్నాను.

"పసిపిల్లల బడిలో వంట చేస్తున్నానే. అక్కడ గోడ మీద మొహాల బొమ్మలుంటాయి, ఏ మొహం ఏదో పిల్లల చేత చెప్పిస్తారు. దిగులంటే ఏ మాటో, కోపమంటే ఏ మాటో నాకు తెలుసు."

"మన పరువు పోతుందని..."

"మసీదులో ఓర్చుకోమన్నారు. ఇంట్లో ఓర్చుకోమన్నారు. ఇక్కడా నువ్వు నా నోరు నొక్కితే ఇంకెక్కడికి పోనే?"

డాక్టర్ బ్రెండా మా ఇద్దరి వైపూ చూస్తోంది. టీ సంగతితో సహా అంతా చెప్పాను. నన్ను అబద్ధాలకోరు అన్నదీ చెప్పాను.

ఆవిడ అత్త కళ్ళలోకి చూస్తూ ఒక్క మాటంది. ఈసారి దాన్ని ఉన్నదున్నట్టు సోమాలీలో చెప్పాను. కొడుకు పోయిన తల్లితో అలాంటి మాట మావాళ్ళెవరూ అనగా నేను వినలేదు.

"నీ కోపం న్యాయమేనట అత్తా."

"ఆవిడ సంగతి సరే. 'అట' తీసేసి నువ్వు చెప్పు."

"నీ కోపం న్యాయమే" అన్నాను.