దిష్టి కలబంద తిన్న పెళ్లి గుర్రం

పెళ్లికొడుకుల్ని ఊరేగించే వజ్రం అనే గుర్రానికి తన ఒంటి నిగారింపంటే మహా మురిపెం. ఆ నిగారింపు కోసమే యజమాని మస్తానయ్య రోజూ కలబంద మట్ట చెక్కు తీసి, పసుపు సొన పోయేదాకా కడిగి, రెండు చెంచాల గుజ్జు తవుడులో కలిపి పెట్టేవాడు.

"రెండు చెంచాలకే ఇంత మెరుస్తుంటే, మొక్క మొక్కంతా తింటే అద్దంలా అయిపోనూ!" అనుకుంది వజ్రం. శాల గుమ్మానికి దిష్టి తగలకుండా తలకిందులుగా కట్టిన కలబంద సరిగ్గా దాని మూతికి అందుతుంది.

"బావా, చెక్కూ సొనా తీయకుండా తింటే కడుపు ఊరుకోదు," అంది పక్కనున్న మేక.

"నీ కుళ్లు నీ దగ్గరే పెట్టుకో," అని వజ్రం ఆ చేదంతా వేళ్లతో సహా నమిలి మింగేసింది.

సాయంత్రం ఊరేగింపు నడిబజారుకి వచ్చిందో లేదో, వజ్రం కడుపు బ్యాండుమేళం కంటే గట్టిగా మోగింది. ఆ తర్వాత జరిగింది ఏం చెప్పమంటారు! వెనక నడుస్తున్న మగపెళ్లివారు పంచెలూ చీరలూ ఎత్తి పట్టుకుని తలో దిక్కుకీ పరుగెత్తారు. పెళ్లికొడుకు కిందికి దూకి ఆటో ఎక్కేశాడు.

ఇంటికొచ్చి చతికిలబడ్డ వజ్రం, "ఊరందరి కళ్లూ నా మీదే. పాడు దిష్టి తగిలింది," అని మూలిగింది.

"తగలదా మరి? అడ్డం కట్టినదాన్ని నువ్వే తినేస్తివి కదా బావా!" అంది మేక.

మస్తానయ్య కూడా దిష్టే అనుకున్నాడు. తెల్లారగానే గుమ్మానికి ఈసారి రెండు కలబందలు కట్టాడు. వాటిని చూడగానే వజ్రం కడుపులో మళ్లీ బ్యాండు మొదలైంది.