తీరవాసి అసలు పేరు

బాంబూఫ్లాట్ ఫెర్రీ దిగి తిన్నగా మా దీవి లైబ్రరీకే వచ్చారు సీతారత్నం గారు.

"నిన్ను నమ్మి చెప్పేనమ్మాయ్. నా పేరు కంప్యూటర్లో ఎక్కించేసేవా?"

‘తీరవాసి’ కలంపేరుతో వచ్చే తెలుగు కథలు ఆవిడవేనని ఆవిడ భర్తకూ, లైబ్రేరియన్‌నైన నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తీరవాసి ఎవరో తెలిసిపోయిందని నిన్న ఎవరో అన్నారట. ఇంకేమీ అడక్కుండా వచ్చేశారు.

నాకు ఒళ్లు మండింది. లైబ్రరీలన్నీ కలిసి రచయితల పేర్లకు ఒకే పట్టిక పెట్టుకున్నాం. ఒకరు ఆధారం చూపించి పేరు రాస్తే మిగతా అందరూ అదే వాడతారు. ఇచ్చిన మాట కోసం ‘అసలు పేరు’ గడిని నేను ఖాళీగానే వదిలేశాను.

"మీరే చూడండి," అని స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను.

గడి ఖాళీగా లేదు. పోయిన నెల మెయిన్‌లాండ్‌లో ఏదో లైబ్రరీ నింపింది. తీరవాసి అసలు పేరు: దక్షిణామూర్తి.

"మావారు," అన్నారావిడ మెల్లగా. "కథలు పోస్టు చేసేది ఆయనే. ఆడదాని పేరు బయటికి రాకూడదని నాచేత ఒట్టేయించుకున్నదీ ఆయనే."

‘ఆధారం’ అన్నచోట నొక్కాను. రచయిత స్వయంగా రాసి పంపిన ఉత్తరం తెరుచుకుంది. కింద ఆయన సంతకం.

"ఇదేమిటండీ, ఉత్తరం మొత్తం హిందీలో ఉంది?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఈ దీవుల్లోనే పుట్టి పెరిగేరు కదా, చదువంతా హిందీలోనే. ఆయనకి తెలుగు రాయడం రాదమ్మాయ్."