ఎముక ఎవరి పూచీ?

"వారంటీ అయిపోయి ఆరేళ్లయింది సార్. కంపెనీ ఒప్పుకోదు," అంది హరిత.

"ఎట్లా ఒప్పుకోదో నేనూ చూస్తా!"

సుబ్రహ్మణ్యం అరుపుకు కొండాపూర్ సర్వీస్ సెంటర్లో టీ తాగుతున్నవాళ్లంతా ఇటు తిరిగారు. రోజూ మూడు సైట్లలో మేస్త్రీల మీద అరిచి అరిచి సానబట్టిన గొంతు అది. పాపం, మామూలుగా మాట్లాడినా అలాగే ఉంటుంది.

ఆయన తొమ్మిదేళ్ల కారు లిఫ్ట్ మీద గాల్లో ఉంది. మెకానిక్ వీరేశం కిందనుంచి, కారును మోసే ఉక్కు చట్రం మీదికి టార్చి వేశాడు. చాసిస్‌కు అతుకు దగ్గర జానెడు పగులు.

"జర ఇటొచ్చి చూడుండ్రి సార్. గీ మోడల్ల గిట్ల పగిలినవి ఇప్పటికి నాలుగు చూసిన. అన్నీ గీ అతుకు కాడనే. గుంతలల్ల పడి పగిలితే ఒక్కోదానికి ఒక్కో దిక్కు పగుల్తది. ఇది చేసుట్లనే తప్పు."

"విన్నావా తల్లీ? మీ మనిషే చెప్తాండాడు!"

"వీరేశమన్న చెప్తడు సార్. కాగితంల మూడేళ్లే ఉంది. ఆ తర్వాత ఓనరే చూసుకోవాలె. పోనీ, ఇది అమ్మేసి కొత్తది తీసుకోండి."

"ఎవరికమ్మా అమ్మేది? తెలిసీ తెలిసీ ఇంకొకడికి అంటగట్టేదా? మా ఇంటామె నెలనెలా కడపకు పోయేది ఇందులోనే. దారిలో చక్రం విరిగి పక్కకు పోతే ఆమె ఏం కావల్ల?"

హరిత కారు వెనకద్దం వైపు చూసింది. దానిమీద పెద్ద అక్షరాలతో 'శ్రీ వెంకటలక్ష్మి' అని ఉంది.

"మేడం పేరా సార్?"

"ఆఁ. కలిసొచ్చిన పేరు. నేను యాడ అపార్ట్‌మెంట్ కట్టినా ఆమె పేరే పెడతా."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. సూపర్‌వైజర్ పుల్లయ్య.

"మళ్లీ చందానగరోళ్లేనా? ఎన్నిసార్లు చెప్పల్ల పుల్లయ్యా? కాగితంలో అయిదేళ్లని ఉందా లేదా? ఉంది కదా. దాటిపోయినాక నాకేం సంబంధం? వాళ్లనే చూసుకోమను!" అని ఫోన్ జేబులో వేసుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ కంపెనీ మీద పడ్డాడు.

"రంగు వెలిసింది, నాదే తప్పు. సీట్లు చిరిగినాయి, మా మనవడిది తప్పు. ఎముక పగిలితే? ఎముకను చేసినోడు ఎవడు? నేనా?"

జాబ్ కార్డు మీద హరిత పెన్ను ఆగిపోయింది. ఒక్క క్షణం ఆయన ముఖంలోకే చూసి, కుర్చీ చూపించింది.

"కూర్చోండి సార్. ఇప్పుడన్న మాటలే తెల్లకాగితం మీద మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. వీరేశమన్న తీసిన ఫోటోలు పెట్టి నేను పైకి పంపుతా. కొట్లాడే పని నాది."

సుబ్రహ్మణ్యం ఉత్సాహంగా రాసిచ్చాడు. హరిత చదివింది.

'రంగు వెలవడం, సీట్లు చిరగడం వాడుకున్నవాడి వంతు. కారు బరువంతా మోసే చాసిస్ పగిలితే మాత్రం అది తయారుచేసిన కంపెనీ తప్పే. దాని మీద మనుషుల ప్రాణాలున్నంత కాలం పూచీ కంపెనీదే.'

"ఒక్క మాట చేర్చండి సార్. కాగితంల ఎన్నేళ్లని రాసుకున్నా సరే, అని."

"శభాష్! నాకు తట్టనేలేదు సూడు," అంటూ ఆయన ఆ మాటను కూడా చేర్చి, కింద రెండు గీతలు గీశాడు.

హరిత నిజంగానే కొట్లాడింది. పై ఆఫీసుకు రోజూ ఫోన్లు చేసింది. వీరేశం చూసిన ఆ నాలుగు కార్ల వివరాలూ వెతికి పంపింది. కస్టమర్ల మీద ఇంత ప్రేమేమిటని మేనేజర్ విసుక్కున్నా వినలేదు. పన్నెండో రోజున కంపెనీ దిగొచ్చింది. కొత్త చాసిస్, బిగింపుతో సహా ఉచితం.

సుబ్రహ్మణ్యం కోవా డబ్బాతో వచ్చాడు. వెంట వెంకటలక్ష్మి కూడా వచ్చి, కారుకు పసుపు రాసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కారు వాటిని తొక్కుకుంటూ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఒక్క చప్పుడు లేదు. పెళ్లినాటి మొహం వచ్చింది ఆయనకు.

"న్యాయం ఉందమ్మా ఇంకా!" అన్నాడు వీరేశాన్ని కావలించుకుని. "అన్నీ ఆ అర్జీలోనే ఉండాయి. అది చదివితే ఎవడైనా నోరు మూసుకోవల్సిందే."

"నిజమే సార్. దానికి ఎవరూ జవాబు చెప్పలేరు," అంది హరిత కోవా నములుతూ.

"నువ్వు లేకుంటే ఇది అయ్యేది కాదు తల్లీ. నీకేం కావల్లో అడుగు. కాదంటే ఒట్టు!"

"పెద్దదేం లేదు సార్. ఒక్క సంతకం," అంటూ ఓ కాగితం ముందు పెట్టింది.

డెలివరీ రసీదనుకుని ఆయన పెన్ను తీశాడు. మొదటి లైను చూస్తే తను రాసిన అర్జీయే. నవ్వుకుంటూ కళ్లద్దాలు పెట్టుకుని కిందికి చదివాడు. కాగితంలో ఎన్నేళ్లని రాసుకున్నా సరే, అన్న మాట కింద ఆ రెండు గీతలతో సహా అలాగే ఉంది.

కారు చాసిస్ అన్నచోట 'చందానగర్ శ్రీ వెంకటలక్ష్మి రెసిడెన్సీ సెల్లార్ పిల్లర్లు' అనీ, కంపెనీ అన్నచోట 'బిల్డర్ సుబ్రహ్మణ్యం' అనీ ఉంది. అడుగున ఇరవై నాలుగు సంతకాల్లో మొదటిది, హరిత, ఫ్లాట్ నంబర్ 304.