నలభై మూడు అంగుళాలు

"ఇది ఇగ లేవదన్నా," అన్నాడు వీరేశం, స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుంటూ.

గోవిందప్ప కదల్లేదు.

ఖాజాగూడ గుట్టల పక్క సందులో ఉంది వీరేశం టీవీ రిపేరు షాపు. ఎవరి చేతా కాని టీవీ అతని చేతిలో పడితే బాగుపడుతుందని ఆ చుట్టుపక్కల పేరు. ఆ పేరు నమ్ముకునే గోవిందప్ప దోసెల బండి మూసేసి గోపన్‌పల్లి నుంచి ఆటోలో వచ్చాడు. టీవీని దుప్పట్లో చుట్టి, దారంతా రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా మెల్లగా పొమ్మని ఆటో అతన్ని బతిమాలాడు.

"ఇంకొకతూరి చూడప్పా. మాట వస్తాంది కదా. బొమ్మ ఒకటే కదా రాంది."

"మాటొస్తే ఏం లాభమన్నా? ప్యానెల్ పోయింది. అది తెప్పియ్యాల్నంటే కొత్త టీవీ కంటే ఎక్కువైతది. అసలు ఈ మోడలే కంపెనోళ్లు బంద్ జేసిన్రు."

వీరేశం మొదటివాడేం కాదు. గోవిందప్ప ముందు కంపెనీకి ఫోన్ చేశాడు. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "సార్, మీ మూడేళ్ల గడువు అయిపోయింది సార్." గడువు అన్న మాట వింటేనే గోవిందప్పకు ఒళ్లు మండుతుంది. ఆ అమ్మాయి మీద నోటికొచ్చినట్టు అరిచాడు. తర్వాత, పాపం దానిదేం తప్పని తనే బాధపడ్డాడు. బతిమాలితే కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. రెండు నిమిషాలు చూసి, "కొత్తది తీసుకోండి అంకుల్" అనేసి బ్యాగు సర్దుకున్నాడు.

కొత్తది! అంత తేలిగ్గా ఉంటే ఈ తిప్పలెందుకు?

టీవీ ఆగిపోయి తొమ్మిది రోజులైంది. బొమ్మ మీద గీతలు పడి, ఆ గీతలన్నీ కలిసి నల్లగా అయిపోయినప్పుడు అతని భార్య గంగమ్మ ఒక్కటే మాట అంది. "ఇది గూడా పాయనా?"

అంతే. ఆ రోజు నుంచి సరిగా అన్నం తినడం లేదు. బండి దగ్గర పిండి కలుపుతుంది, చట్నీ వేస్తుంది, అడిగితేనే మాట్లాడుతుంది. ఇంటికి రాగానే ఆ నల్లటి తెర ఎదురుగా కూర్చుంటుంది. ఆమె అలా కూర్చోవడం గోవిందప్ప ఇంతకు ముందు ఒకసారి చూశాడు. అప్పుడు పదిహేను రోజులు ఆస్పత్రిలో పెట్టాల్సి వచ్చింది. మళ్లీ అలాంటిది చూసే ఓపిక అతనికి లేదు.

వీరేశం టీవీని తిప్పి చూసి నవ్వాడు. "దీనికి బొట్టేందన్నా?"

"మా ఇంటామె. శుక్రవారం శుక్రవారం పెడతాది."

టీవీ వచ్చిన రోజు దాని ముందర పొయ్యి పెట్టి పాలు పొంగించిందని కూడా చెప్పబోయాడు. మళ్లీ నవ్వుతాడని ఊరుకున్నాడు. అప్పుడు ఇరుగుపొరుగు కూడా నవ్వారు.

అతని ముఖం చూసి వీరేశానికి జాలేసింది. "బాలానగర్‌ల పాత టీవీల గోదాముంది. ఇదే మోడల్ దొరికితే దాని ప్యానెల్ తీసి దీనికేస్తా. మోడల్ నంబరేంది? కార్డుందా?"

గోవిందప్ప జేబులోంచి వారంటీ కార్డు తీసిచ్చాడు. నాలుగు మడతలు, అన్నీ అరిగిపోయాయి. మోడల్ నంబరు కంటే ముందు వీరేశం కళ్లు చిరునామా మీద పడ్డాయి.

"ఫ్లాటు పన్నెండు వందల నాలుగా? పన్నెండో అంతస్తా అన్నా! గంత పైన ఉండుకుంట ఈ పాత డబ్బాకు ఇంత పరేషానేంది?"

గోవిందప్ప కార్డు వెనక్కి తీసుకుని మళ్లీ నాలుగు మడతలూ పెట్టాడు.

బాలానగర్ గోదాములో గోవిందప్పే రెండు రోజులు వెతికాడు. చేతులు గీరుకుపోయాయి, చొక్కా పాడైంది. రెండో రోజు ఓ మూలన నిజంగానే దొరికింది. అదే మోడల్, అదే సైజు. కొంగొత్త ఆశతో తువ్వాలుతో దుమ్ము తుడిచాడు. తెర నడిమధ్యన రాయి తగిలినట్టు పగిలి ఉంది. కాసేపు దాని పక్కనే కూలబడ్డాడు.

టీవీ తీసుకుపోదామని వీరేశం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు లాగేస్తున్నాయి.

"ఒక పని చేద్దామన్నా," అన్నాడు వీరేశం. "నా దగ్గర ఇదే సైజుది సెకండ్ హ్యాండ్‌ది ఉంది. తీసుకపో. బాగైందని వదినకు చెప్పు. బొట్టు గూడ నేనే పెట్టిస్తా."

"కనిపెడతాది."

"కనిపెడితే ఏమైతది? టీవీయే కదా!"

గోవిందప్ప దుప్పటి పరిచి, టీవీని బోర్లా పడుకోబెట్టి, అంచులు మడిచాడు.

"మొండోనివే. ఇంతకూ దీనికి ఎంత పెట్టినవన్నా?"

గోవిందప్ప ముడి బిగించాడు. "కదిరి కాడ నాలుగెకరాల చేను."

వీరేశం పకపకా నవ్వాడు. గోవిందప్ప కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. గంగమ్మకు ఏం చెప్పాలో తెలియక, టీవీ ఎత్తుకుని మెల్లగా రోడ్డు మీదికి నడిచాడు.

పన్నెండో అంతస్తులో ఫ్లాటు బుక్ చేసుకున్నందుకు బిల్డరు ఉచితంగా ఇచ్చిన టీవీ అది. పునాదైనా తవ్వకుండా అతను మాయమైపోయాక, ఆ ఇంటి మొత్తంలో గోవిందప్పకు దక్కింది అదొక్కటే.