చివరి పేజీలో విత్తనాలు

క్యాంటీన్‌లో ఎదుటి కుర్చీలో కూర్చోబోతూ పెద్దావిడ తూలింది. చెప్పు పట్టీ తెగింది.

"ఇన్నాళ్లూ మోసి, ఇవాళే మొరాయించింది," అంది నవ్వుతూ.

కొత్త పెళ్లికూతురు హ్యాండ్‌బ్యాగు వెతికి పిన్నీసు తీసిచ్చింది. మళ్లీ చేతిలోని కాగితాల్లో తల దూర్చింది.

దేశాలన్నీ కలిసి నడిపే ఆహార, వ్యవసాయ సంస్థకి ఇవాళ పై అంతస్తులో అధిపతిని ఎన్నుకుంటారు. పోటీలో ఇద్దరున్నారు. అందులో ఒకరైన డాక్టరుగారికి ఆమె భర్త ప్రసంగాలు రాస్తాడు. డాక్టరుగారు గెలిస్తే అతనికి ఇక్కడే ఉద్యోగం, ఇద్దరికీ ఒకే ఊళ్లో కాపురం. ఓడితే మళ్లీ ఆదివారాల కాపురమే.

ఇవాళ్టి ప్రసంగం చేతికిచ్చి, విసుగొచ్చిన చోట గీత పెట్టమని, ఎవరికీ చూపించొద్దని చెప్పి అతను పైకి పరుగెత్తాడు. ఆమెకేమో భర్త రాసిన ప్రతి అక్షరమూ ముద్దొస్తోంది. గీత ఎక్కడ పెడుతుంది?

నిన్ననే ఈ ఊరొచ్చింది. క్యాంటీన్‌లో తెలిసిన మొహమే లేదు.

"ఆంటీ, ఇది చదివి ఎక్కడ నిద్రొస్తుందో చెప్తారా?" అనేసింది.

పెద్దావిడ మొదటి వాక్యం చూసి ఆగిపోయింది. కాగితాలు వెనక్కి జరిపి, ఇది తను చదవకూడదేమో అంది. మా ఆయన ఏమీ అనుకోరని పెళ్లికూతురు హామీ ఇచ్చేసింది.

ఆవిడ చదివింది. చివరి పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయింది. టీ చల్లారిపోయింది.

కరువొచ్చిన చోటికి తిండిగింజలతో పాటు విత్తనాలు కూడా, వానలకి ముందే చేరుస్తామన్న మాట అక్కడుంది.

"ఇది నిజంగా చేస్తారా, తల్లీ?"

"చేస్తారాంటీ. దీని కోసం మా ఆయనా డాక్టరుగారూ నెల్లాళ్లు పోట్లాడుకున్నారు. పెళ్లిపీటల మీద కూడా ఫోన్‌లో ఇదే గొడవ."

ఆవిడ పెన్సిలు అడిగి తీసుకుంది. ఆ మాట చుట్టూ గీత గీసి, మొదటి పేజీకి బాణం వేసింది.

"ఎవరు చెప్పినా సరే, ఇది ముందు చెప్పాలి," అంటూ లేచి వెళ్లింది.

భర్త వచ్చి కాగితాలు పట్టుకెళ్లాడు. డాక్టరుగారు ఆ విత్తనాల మాటతోనే మొదలుపెట్టారు. అంత పెద్ద హాల్లో చిన్న దగ్గు కూడా వినిపించలేదు. బాల్కనీ వెనక వరసలో ఆమె కుర్చీ అంచుకి జరిగింది.

తర్వాత ప్రత్యర్థి మాట్లాడుతున్నంతసేపూ మొగుడూ పెళ్లాలిద్దరూ వరండాలో చేతులు పట్టుకుని నిలబడ్డారు.

"నీ బాణమే బాణం," అన్నాడతను. తనది కాదని చెప్పబోయింది గానీ, అతని మొహం చూసి ఊరుకుంది.

సాయంత్రం బొటాబొటీ ఓట్లతో డాక్టరుగారే గెలిచారు. అభినందించడానికి ప్రత్యర్థిని వేదిక మీదికి పిలిచారు.

అద్దె ఇంటి కిటికీలకి ఏ రంగు కర్టెన్లు కట్టాలా అని ఊహల్లో తేలుతున్న పెళ్లికూతురు, చప్పట్లకి తలెత్తింది.

ఓడిపోయిన అభ్యర్థి, పిన్నీసు ఊడకుండా ఎడమకాలు మెల్లగా ఈడుస్తూ, నవ్వుతూ మెట్లెక్కుతోంది.