తోక వెంట్రుకలు

మిగిలిన ఒక్క గడ్డిమోపూ ముసలి నల్లగుర్రం ముందు వెయ్యబోతున్న భార్య చెయ్యి పట్టుకున్నాడు సాంబూ.

"దానికొద్దు, దుల్మా. కడుపుతో ఉన్న ఎర్రగుర్రానికి వెయ్యి."

"నీ గుండె బండగానూ! పాతికేళ్ళు నిన్ను మోసింది." వెంటనే ఆమె గొంతు తగ్గింది. "తోక వెంట్రుకలైనా కత్తిరించావా? చచ్చే గుర్రానివి ముందే కత్తిరించి దాచకపోతే, పోతూ పోతూ ఇంటి కళ పట్టుకుపోతుందయ్యా."

"కత్తిరించాను. కోటు లోపలున్నాయి. నా వేళ్ళు కొంకర్లు పోయాయి, నువ్వే తీసి గుడారంలో కట్టు."

దుల్మా అతని కోటులో చెయ్యి పెట్టింది. నల్లకుచ్చు వచ్చింది. దాని వెనకాలే తెల్లది, బూడిదరంగుది, చివర్న ఎర్రది. మొత్తం పంతొమ్మిది గుర్రాలవీ ఉన్నాయి.

"ఏమయ్యా, అన్నిటికీ కత్తిరించేశావా?"

"మంచు పైన పెచ్చు రాయిలా గడ్డకట్టింది. తవ్వి తవ్వి వాటి కాళ్ళు నెత్తురోడుతున్నాయి. కింద గడ్డి ఇంక అందదు."

దుల్మా ఎర్రకుచ్చు గుప్పిట్లో బిగించింది. "మరి దీనికి గడ్డి వెయ్యమన్నావు? బతుకుతుందనేగా?"

సాంబూ పళ్ళతో మోపు తాడు విప్పాడు.

"కడుపుతో ఉన్నదాన్ని కాలే కడుపుతో ఎలా పంపనే?"