పద్దెనిమిది గుంటలు

కోటు తొడుక్కుని వచ్చిన ఆ మనిషికి నరసరాజుగారు కుర్చీ చూపించగానే బుచ్చిబాబు రాస్తున్న కలం ఠక్కున కింద పడేశాడు.

"ఈయన అబ్రహాంగారు. ఊటీలో దొరల క్లబ్బులో లెక్కలు రాసే రైటరుగా చేశారు. కొన్నాళ్ళు మన ఆఫీసులో ఉంటారు" అన్నారు నరసరాజుగారు.

గారు! ఏలూరులో రాజుగారు ఈ రైసుమిల్లు పెట్టిన దగ్గర్నుంచీ గుమాస్తాగా చాకిరీ చేస్తున్న తనని మాత్రం "ఒరే బుచ్చీ" అంటారు. నిన్న రైలు దిగినవాడికి గారూ, కుర్చీనా?

అది పంతొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరం. కొల్లేటికి బాతుల వేటకొచ్చే దొరలకి ఊళ్ళో గోల్ఫు మైదానం ఉంటే బాగుండునని సరదా పుట్టింది. దొరలకి పుడితే నరసరాజుగారికి పుట్టినట్టే.

"ఒరే బుచ్చీ! కొల్లేటి దారిలో మన బీడుందిగా. అందులో పద్దెనిమిది గుంటలు తవ్వించాలట. ఖర్చెంతవుతుందో, రాబడి ఎంతో, అసలు గిట్టుతుందో లేదో రాసివ్వు."

గోల్ఫంటే ఏమిటో బుచ్చిబాబుకి తెలీదు. గుంటంటే తెలుసు. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడికి గుంటంటే చేపల గుంటే. దొరలు గట్టున కూర్చుని గాలాలేసుకుంటారు కాబోలనుకున్నాడు. కోటాయన ముందు చులకనైపోతానని ఎవర్నీ అడగలేదు.

రాస్తుంటే అబ్రహాం వెనక నుంచి చూశాడు.

"ఏవండీ బుచ్చిబాబుగారూ, ఆ గుంటల సంగతి ఒక్కమాట చెప్పనాండీ?"

"అక్కర్లేదండీ. నా లెక్కల్లో తమరు వేలు పెట్టకండి."

"అది కాదండీ. గోల్ఫులో గుంటంటే..."

"నాకు తెలుసండీ! మీరు ఊటీలో చూసుంటారు. నేను కొల్లేట్లో ఈదినవాణ్ణి."

అబ్రహాం కోటు సర్దుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే, తన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు కోటాయన! భార్య లక్ష్మీకాంతం మజ్జిగ తెచ్చిచ్చింది. బుచ్చిబాబు ఆమెని లోపలికి లాక్కుపోయాడు.

"ఎవరనుకున్నావు వాణ్ణి?"

"ఎవరైతేనేమండీ, ఎండన పడి సోలిపోతుంటే పిలిచాను."

"నా ఉద్యోగానికి ఎసరు పెట్టడానికొచ్చినవాడే వాడు! రేపు నువ్వూ నేనూ పిల్లలూ వీధిన పడ్డాక పోద్దువుగాని మజ్జిగ!"

"మెల్లగా అనండి, వింటారు."

"విననీ!"

అరుగు మీద అబ్రహాం చెంబు కింద పెట్టేసి లేచాడు.

మర్నాడు సాయంత్రం నరసరాజుగారు దొరల్ని టీకి పిలిచి, బుచ్చిబాబు రాసిన కాగితం చదివి వినిపించారు. కర్రతో కొట్టిన చిన్న బంతి పడ్డానికి అరచెయ్యంత గుంట చాలుట. బుచ్చిబాబు పద్దెనిమిది చెరువులు తవ్వించాడు. అక్కడితో ఊరుకోక, వాటిల్లో కొరమీనులు పెంచి, పాటకిచ్చి, రాబడి కూడా చూపించాడు! దొరలు కుర్చీల్లోంచి కింద పడేటట్టు నవ్వారు.

వాళ్ళు వెళ్ళగానే, "ఎవడ్రా అక్కడ!" అన్న అరుపు వరండాలోకి వినిపించింది.

బుచ్చిబాబు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. అతని కంటే ముందు అబ్రహాం లోపలికి వెళ్ళాడు. కాసేపటికి బయటికి వచ్చి, "వెళ్ళొస్తానండీ" అని నమస్కారం పెట్టి, స్టేషను వైపు నడిచాడు.

బుచ్చిబాబు ఉద్యోగం పోలేదు. గట్టిగా తిట్టు కూడా పడలేదు. పీడా విరగడైందని ఆ రాత్రి పెళ్ళాం చేత గారెలు వండించుకుని మరీ తిన్నాడు మహానుభావుడు.

వానలకి కొల్లేరు పొంగి బీడంతా మునిగేసరికి దొరలు గోల్ఫు మాటే మరిచిపోయారు. ఒకనాడు నరసరాజుగారు హుషారుగా ఉండటం చూసి బుచ్చిబాబు కదిపాడు.

"ఆ కోటాయన్ని పంపేసి మంచిపని చేశారండీ రాజుగారూ. ఒట్టి గుంటనక్కండీ."

"నేను పంపడమేంట్రా? తనే పోయాడు. 'గుంటలంటే చేపల గుంటలని నేనే చెప్పానండీ, తప్పు నాదండీ' అన్నాడు. అన్నేళ్ళు గోల్ఫాడే దొరల క్లబ్బులో చేసినవాడు ఆ మాటంటే నేను నమ్ముతానా?"

బుచ్చిబాబు చేతిలో ఉన్న చిట్టా మూసేశాడు.

"అయితే... ఆయన నా ఉద్యోగం కోసం రాలేదాండీ?"

"ఎందుకు రాలేదూ? నీ కుర్చీలో కూర్చోబెట్టడానికే పిలిపించాను. ఊటీలో పని పోయి ఉన్నాడు పాపం. తీరా ఇస్తానంటే తనే వద్దన్నాడు."

"ఎందుకండీ?"

నరసరాజుగారు కాలుస్తున్న చుట్ట తీసి పక్కన పెట్టారు.

"మీ ఆవిడ అతన్ని 'అన్నయ్యగారూ' అని పిలిచిందటగా. 'ఈ ఉద్యోగం మా చెల్లెలికి పసుపుకుంకుమ కింద ఇచ్చేశాననుకోండి రాజుగారూ' అని చెప్పి వెళ్ళిపోయాడ్రా."